నూట పదిహేడు

ఎముకల విభాగంలో బరువు చూడటం ఇద్దరు మనుషుల పని. వరండాకి ఈ చివర తూకం యంత్రం, ఆ చివర గుమాస్తా కిటికీ. మధ్యలో ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులూ గోడవారగా బెంచీలు, బెంచీల నిండా మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న జనం. యంత్రం పాతకాలపుది. గుండ్రటి ముఖం, అందులో ఒక ముల్లు. ఎక్కిన మనిషికి దాని వీపే కనిపిస్తుంది, ముఖం చూసేది తూకమ్మ ఒక్కతే. ఆమె ముల్లు నిలిచేదాకా ఆగి, అంకెను ఆ చివరికి వినపడేలా కేకేస్తుంది. గుమాస్తా రాసుకుంటాడు. ఒకసారి కిటికీలో పడిందంటే ఇక ఆస్పత్రంతా ఆ అంకే నడుస్తుంది, మళ్ళీ తూచేవాళ్ళు ఉండరు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పంతొమ్మిదేళ్ళుగా కేకలేస్తున్న తూకమ్మ కూడా అడగలేదు.

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ళదాకా అందరికీ తూకమ్మే. మనిషి దిట్టంగా ఉంటుంది, గొంతు మనిషికంటే దిట్టం. ఆమె "డెబ్బై రెండూ!" అంటే మేడమీద కుట్లు విప్పుతున్న సిస్టరు చెయ్యి ఆగుతుందని హాస్యమాడతారు. ఆ గొంతు చూసే ఈ పని తనకిచ్చారని ఆమెకు లోలోపల కొంచెం గర్వం. ఆ గర్వం సోమవారం పొద్దున పదకొండింటిదాకా బాగానే ఉంది.

పదకొండింటికి పెద్ద టైలరమ్మ వచ్చింది. ఒక చేత్తో కర్ర, ఇంకో చెయ్యి మొగుడి భుజం మీద. గుమ్మానికి తల తగులుతుందేమో అనిపించే పొడుగు, ఆ పొడుగుకి తగ్గ ఒళ్ళు. మొగుడు ఆమె పక్కన కొలబద్దలా ఉంటాడు. దుకాణంలో ఆమె కత్తిరించి కుడితే ఆయన కాజాలు తీసి గుండీలు కుడతాడు, అందుకని వీధిలో అందరికీ ఆయన కాజాలాయన.

ఆరు నెలల కింద ఇదే యంత్రం మీద ఆమె నూట ముప్పై ఒకటి తూగింది. అప్పుడు కూడా తూకమ్మే కేకేసింది. పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయన్నాడు. కుడిది ముందు మార్చాలన్నాడు. "కానీ నూట ఇరవై దాటితే నేను ముట్టుకోను. పుండు మానదు, చీము పడుతుంది, పెట్టిన కీలు మళ్ళీ పీకాల్సి వస్తుంది. తగ్గించుకుని రండి," అని చీటీ మీద రాసిచ్చాడు. ఎలా తగ్గించుకోవాలో ఆ చీటీలో లేదు. వీధి మలుపుదాకా నడవలేని మనిషి, కుట్టు మిషను తొక్కలేక చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ కుట్టే మనిషి, ఆరు నెలలు రాత్రి తిండి మానేసి ఇవాళ వచ్చింది.

తూకమ్మ తెల్లకోట్లు పదిహేనేళ్ళుగా ఆమే కుడుతోంది. లావుపాటి వాళ్ళందరూ ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ ఆ దుకాణానికే వెళ్తారు. కారణం కుట్టు ఒక్కటే కాదు. కొలత తీసేటప్పుడు టైలరమ్మ అంకెను నోటితో అనదు. టేపు చుట్టి, బొటనవేలి గోరుతో నొక్కి పట్టి, పక్కకి వంగి పుస్తకంలో రాసుకుంటుంది. పక్కన ఎంతమంది కూర్చున్నా ఎవరి నడుం ఎంతో ఎవరికీ తెలియదు.

"ఎక్కు అక్కా, తొందరేం లేదు," అంది తూకమ్మ.

టైలరమ్మ కర్ర మొగుడికిచ్చింది. రెండు చేతులా యంత్రం కమ్మీ పట్టుకుంది. ఎడమ కాలు పైకి పెట్టి, కుడి కాలుని దాని పక్కకి ఈడ్చుకుంది. ఆ రెండో కాలు పైకి రావడానికి పట్టిన సమయంలో ముగ్గురిని తూచేయొచ్చు. బెంచీ మీద పాదానికి కట్టుతో కూర్చున్న సేల్స్‌మన్ ఒకడు పక్కవాడితో, గుసగుసలాగే కానీ అందరికీ వినపడేలా, "యంత్రానికి గ్యారంటీ ఉందో లేదో," అన్నాడు. బెంచీ ఒక్కసారిగా నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. అలా నవ్వితే ఇంకా బాగా వినపడుతుంది.

టైలరమ్మ కళ్ళు మూసుకుంది. మెడ మీద చెమట. తూకమ్మ ముల్లు వైపు చూసింది. అది ఊగి ఊగి నూట ఇరవై ఏడు దగ్గర నిలిచింది. ఇంకోసారి చూసింది. నూట ఇరవై ఏడే.

తూకమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. పంతొమ్మిదేళ్ళుగా ముల్లు ఏది చూపిస్తే అది అరవడం తప్ప వేరే ఎరగని నోరు.

"నూట పదిహేడూ!" అంది.

కిటికీలో గుమాస్తా తల ఊపి రాసుకున్నాడు. కాజాలాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "పద్నాలుగు! ఏమే, పద్నాలుగు కిలోలే!" అని చప్పట్లు కొట్టాడు. బెంచీలో నవ్విన వాళ్ళే ఇద్దరు శభాష్ అన్నారు. టైలరమ్మ కళ్ళు తెరిచి తూకమ్మ వైపు చూసింది. ఎందుకో ఎడమ చెయ్యి నడుం మీద వేసుకుని ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత జాగ్రత్తగా దిగింది.

సరిచెయ్యాలని తూకమ్మకు లేకపోలేదు. కానీ వెనకాల వాడు అప్పటికే యంత్రం ఎక్కేశాడు. మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఫైలు అప్పటికే లోపలికి పోయింది. "టైలరమ్మ భలే పట్టుదల మనిషి," అన్నాడు గుమాస్తా. "గురువారం ఎవరిదో ఆపరేషన్ వాయిదా పడిందట, ఆ తేదీ ఈవిడకిచ్చారు. పెద్ద డాక్టరు అందరి ముందూ మెచ్చుకున్నాడు." తూకమ్మ టీ తాగేసి వచ్చేసింది. అంత మనిషిలో పది కిలోలు ఏపాటి అనుకుంది. కూరగాయల సంచీ అంత ఉంటుందేమో అనుకుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం తూకమ్మ మేడమీద వార్డుకి వెళ్ళింది. ఈ మధ్య ఆమె మెట్లెక్కేటప్పుడు కమ్మీ వదలదు. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ కలుపుకుంటుంది. అడిగితే వరండా రాళ్ళ చల్లదనానికి కాళ్ళు పట్టేశాయంటుంది.

టైలరమ్మ మంచం పక్కన నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని నిలబడి ఉంది. నడక నేర్పే ఆయన వెనకాల నడుం పట్టీ పట్టుకుని, "వాకరు ముందుకి, ఆపరేషన్ కాలు ముందుకి, ఇప్పుడు రెండోది," అంటున్నాడు. ఆమె పెదవి కొరుక్కుంటూ నాలుగడుగులు వేసింది. మంచానికి తిరిగొచ్చి కూలబడి, ఆయాసపడుతూ తూకమ్మ చెయ్యి పట్టుకుంది.

"నొప్పి ఉందక్కా?"

"ఉంది, ఎందుకుండదు. కోసిన నొప్పి ఉంది. కానీ ఆ నొప్పి లేదు చెల్లీ." పదకొండేళ్ళుగా ఎముక మీద ఎముక రాసుకున్న నొప్పి గురించి ఆమె చెబుతోంది. "పళ్ళ మధ్య ఇసుక పడ్డట్టు ఉండేది చూడు, అది లేదు. పొద్దున లేచి అది ఎక్కడికి పోయిందా అని వెతుక్కున్నా."

కాజాలాయన మంచం చివర స్టూలు మీద కూర్చుని ఎవరిదో చొక్కాకి కాజాలు తీస్తున్నాడు. వార్డుకి కూడా పని తెచ్చుకున్నాడు. "ఇంక దీని వెనకాల నేను పరిగెత్తాలి కాబోలు," అన్నాడు దారం కొరికి.

"నువ్వు పరిగెత్తితే గాలికి కొట్టుకుపోతావ్, జేబులో కత్తెర వేసుకో," అంది టైలరమ్మ.

ముగ్గురూ నవ్వారు. తూకమ్మ మెట్లు దిగుతూ కూడా నవ్వుకుంటూనే ఉంది. ఒక్క అంకె అటు ఇటు చేస్తే ఒక మనిషి లేచి నిలబడిందే అనుకుంది. ఆ నాలుగు రోజులూ ఆమె గొంతు ఎప్పటికంటే గట్టిగా పలికింది.

*

బుధవారం మధ్యాహ్నం వార్డు సిస్టరు ఫోను చేసింది. "తూకమ్మా, కాస్త పైకి రా. టైలరమ్మ కట్టు మార్చాలి. కాలు ఎత్తి పట్టుకోవడానికి ఇక్కడ ఎవరి బలమూ చాలట్లేదు."

పొద్దున్నుంచి జ్వరం. కట్టు అప్పటికే రెండుసార్లు మార్చారట. తూకమ్మ మడమ కింద ఒక చెయ్యి, తొడ కింద ఒక చెయ్యి వేసి కాలు ఎత్తింది. చర్మం కాలుతోంది. సిస్టరు పట్టీ విప్పుతుంటే లోపలి దూది మెత్తగా, పచ్చగా తడిసి వచ్చింది. మోకాలి మీద నిలువుగా వేసిన కుట్లలో కింది మూడింటి మధ్య నుంచి చిక్కటి నీరు కారుతోంది. చుట్టూ ఎర్రగా, నున్నగా ఉబ్బి ఉంది. వాసన తూకమ్మకు తెలిసిన వాసనే. ఎముకల వార్డులో పంతొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె కాలు వదల్లేదు, ముఖం మాత్రం పక్కకి తిప్పుకుంది.

పెద్ద డాక్టరు వచ్చాడు. ఆయనతోపాటు మత్తు ఇచ్చే డాక్టరమ్మ కూడా వచ్చింది, చిన్న వయసుది, ఎప్పుడూ జేబు నిండా కలాలే. పెద్ద డాక్టరు వంగి, వేలితో చుట్టూ నొక్కి చూశాడు.

"రేపు పొద్దున మళ్ళీ తెరిచి కడుగుదామమ్మా," అన్నాడు. "భయపడకండి. తొందరగా కడిగితే కీలు నిలుస్తుంది."

"నిలవకపోతేనో?" అంది టైలరమ్మ.

ఆయన సిస్టరు వైపు తిరిగాడు. "మందు ఎంత ఇచ్చాం మొదటిసారి?"

డాక్టరమ్మ ఫైలు తిప్పింది. "చీము పట్టకుండా ముందు ఎక్కించేది, రెండు సీసాలు. నూట ఇరవై దాటితే మూడివ్వాలి. ఈమె బరువు నూట పదిహేడు. రెండే సరిపోతాయి." కలం తీసి రేపటి కాగితం మీద కూడా రాసింది. "రేపూ రెండే."

కాలు తూకమ్మ చేతుల్లో ఉంది. అది కాస్త కిందికి జారింది. టైలరమ్మ మూలిగింది. "గట్టిగా పట్టుకో తూకమ్మా, ఏమైంది నీకు?" అని సిస్టరు కసిరింది.

డాక్టర్లు వెళ్ళిపోయాక తూకమ్మ సిస్టరు వెనకాలే చేతులు కడుక్కునే చోటికి వెళ్ళింది. "సిస్టరూ, రెండుకీ మూడుకీ అంత తేడా ఉంటుందా?"

"ఎందుకుండదు? గ్లాసుడు నీళ్ళలో వేసే చక్కెర బిందెలో వేస్తే తీపి తెలుస్తుందా? ఒళ్ళు పెద్దదైతే మందు పలచబడిపోతుంది. అందుకే కదా నిన్ను అక్కడ నిలబెట్టి తూయిస్తున్నది," అంది సిస్టరు సబ్బు రుద్దుకుంటూ.

పంతొమ్మిదేళ్ళలో ఈ మాట తూకమ్మకు ఎవరూ చెప్పలేదు. తను చెప్పే అంకె జనాన్ని మందలించడానికనుకుంది. వచ్చేసారికి తగ్గి రమ్మనడానికనుకుంది. ఆ అంకె సూదిలోకి వెళ్తుందని ఆమెకు నిజంగా తెలియదు. కొళాయి దగ్గర నిలబడి కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడిగింది.

కిందికి వచ్చి గుమాస్తాకి చెప్పింది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. గుమాస్తా కిటికీ తలుపు వేసేసి మరీ విన్నాడు.

"నీకు మతి గానీ పోయిందా? ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?" అన్నాడు. కాసేపు బల్ల మీద వేళ్ళతో కొట్టుకున్నాడు. మనసు లేనివాడు కాదు. "ఒక పని చెయ్యి. యంత్రం పాడైందని చెప్పు. పాతదే కదా, నమ్ముతారు. ఆవిడకి పడాల్సిన మందు పడుతుంది, నీ మీదకి రాదు. పామూ చావదు, కర్రా విరగదు, ఎవరికీ నష్టం లేదు."

దారి బాగానే ఉందనిపించింది తూకమ్మకు. ఆపరేషన్ గది పక్క గదిలో డాక్టర్లిద్దరూ ఉన్నారు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి, "సార్, తూకం యంత్రం తప్పు చూపిస్తోందండి," అంది.

పెద్ద డాక్టరు టీ కప్పు దింపాడు. "ఎప్పట్నుంచి?"

"సోమవారం... పోయిన సోమవారం నుంచండి."

"అయ్యో, అయితే ఆ రోజు నుంచి తూచినవన్నీ తప్పే కదా." ఆయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. "రేపటివి నాలుగూ ఆపెయ్యండి. అందర్నీ మళ్ళీ తూయించాలి. యంత్రం బాగుచేసేవాణ్ణి పిలిపించండి, రెండు రోజులు పడుతుందేమో."

"టైలరమ్మది కూడానా సార్?" అంది తూకమ్మ.

"ఆమె అసలు యంత్రం ఎక్కే స్థితిలోనే లేదు. చూద్దాం. ఎంత మందివ్వాలో తెలియకుండా ఎలా తెరుస్తాం?"

తూకమ్మ కోటు గుండీ పట్టుకుని మెలితిప్పింది. ఆ గుండీ కాజాలాయన కుట్టింది, ఊడి రాలేదు.

"యంత్రం బాగానే ఉందండి," అంది. "నేనే అబద్ధం చెప్పాను. టైలరమ్మది నూట ఇరవై ఏడు. నూట పదిహేడని అరిచాను. మిగతావాళ్ళవన్నీ నిజమే."

పెద్ద డాక్టరు లేచి నిలబడ్డాడు. "గుమాస్తా తప్పు రాశాడా?"

"లేదండి. నేను చెప్పిందే రాశాడు."

"ఎందుకు?"

తూకమ్మ చాలాసేపు వెతుక్కుంది. దొరికిన జవాబు ఆమెకే సిగ్గుగా అనిపించింది. "బెంచీలో నవ్వారండి."

"నవ్వారా?" ఆయన గొంతు పెరిగింది. "ఆ గీత నేను సరదాకి గీశాననుకున్నావా? నూట ముప్పై ఉన్న ఒకాయనకి నేనే చేశాను, ఈ చేతుల్తోనే. మూడుసార్లు తెరిచాను. మూడోసారి కీలు తీసేసి కాలు కర్రలా బిగించి పంపాను. ఆ మనిషి ఇప్పటికీ కనిపిస్తే నేను పక్క సందులోకి తిరుగుతాను. అందుకు గీశాను."

"గీత సరే సార్," అంది డాక్టరమ్మ మెల్లగా. "చీటీ రాసి పంపాం. తగ్గే దారి చెప్పేవాళ్ళ దగ్గరికి పంపామా? లావున్నవాళ్ళకి కూడా కీలు మారిస్తే నొప్పి పోతుంది, అందరికీ పోయినట్టే పోతుంది. శుక్రవారం ఆమె నడవడం నేను చూశాను. ప్రమాదం ఎక్కువ, అంతే. అది తెలిసి చెయ్యాల్సింది, తెలియకుండా చేశాం."

"తెలిసుంటే నేను చేసేవాణ్ణే కాదు."

"అదే అంటున్నాను సార్."

పెద్ద డాక్టరు మళ్ళీ కూర్చున్నాడు. తూకమ్మ అడగకుండా ఉండలేకపోయింది. "నా వల్లేనా సార్, ఆ చీము?"

ఆయన ఆమె ముఖంలోకి మొదటిసారి చూశాడు. "చెప్పలేను. మూడు సీసాలిచ్చినా పట్టేదేమో. ఎనభై కిలోల మనిషికి కూడా పడుతుంది అప్పుడప్పుడు. నీ వల్ల కాదనీ చెప్పలేను, నీ వల్లేననీ చెప్పలేను. ఇంక నీకు ఎవరూ చెప్పలేరు." ఫైలు దగ్గరికి లాక్కుని నూట పదిహేడు కొట్టేసి, పైన సరైన అంకె రాసి సంతకం పెట్టాడు. "రేపట్నుంచి యంత్రం దగ్గరికి రావద్దు. దుప్పట్ల గదిలో ఉండు. పైవాళ్ళ ఉత్తరం తర్వాత వస్తుంది."

"ఆమెకి చెప్పాలి," అంది డాక్టరమ్మ. "నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

"నేనే చెబుతానండి."

*

సాయంత్రం కాజాలాయన టీ తేవడానికి కిందికి వెళ్ళాడు. మంచం మీద ఆయన వదిలిన చొక్కా, దానికి గుచ్చిన సూది. టైలరమ్మకు జ్వరం కాస్త దిగి కళ్ళు తెరిచి ఉంది. తూకమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. మొదలుపెట్టడానికి నాలుగుసార్లు దుప్పటి సరిచేసింది.

"అక్కా, ఆ రోజు నువ్వు నూట పదిహేడు లేవు."

టైలరమ్మ పైకప్పు వైపు చూస్తూనే ఉంది.

"నూట ఇరవై ఏడు ఉన్నావు. నేను అబద్ధం అరిచాను. దాని వల్ల నీకు మందు తక్కువ పడింది. డాక్టర్లకి చెప్పేశాను, రేపు సరిగ్గా ఇస్తారు. నువ్వు నన్ను తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి." వరండా అంతా మోగించే గొంతు మంచం అవతలికి కూడా వినపడలేదు.

"తెలుసు," అంది టైలరమ్మ.

"ఏం తెలుసు?"

"నలభై ఏళ్ళుగా టేపు పట్టుకున్నదాన్ని. నా నడుం చుట్టూ నేనే చుట్టుకోనా? ఆరు నెలల్లో ఒక్కంగుళం తగ్గింది. మూడు కిలోలో, నాలుగో. పద్నాలుగు తగ్గితే నా బట్టలన్నీ విప్పి కుట్టుకోవాల్సొచ్చేది. నేనొక్క కుట్టు విప్పలేదు." తల తిప్పి చూసింది. "నువ్వు అరిచినప్పుడే తెలుసు."

వారం రోజులుగా తానొక్కతే మోస్తున్నాననుకున్న బరువులో రెండో కొస ఈమె చేతిలో ఉందన్నమాట. తూకమ్మకు ఊరట కలగాల్సింది పోయి కోపం వచ్చింది.

"మరి ఎందుకు చెప్పలేదక్కా? డాక్టరు అందరి ముందూ మెచ్చుకుంటుంటే నోరు మూసుకుని ఎలా ఉన్నావు?"

"నువ్వెలా ఉన్నావో అలాగే." టైలరమ్మ దుప్పటి మీద వేళ్ళు కదిలించింది, గుడ్డ నాణ్యం చూస్తున్నట్టు. "నాకు కాలు కావాలి చెల్లీ. మిషను తొక్కాలి. మా ఆయన నన్ను మరుగుదొడ్డికి మోసుకెళ్ళే రోజు రాకూడదు. ఇంకో ఆరు నెలలు పస్తుండి మళ్ళీ ఆ బెంచీ ముందు నిలబడటం నా వల్ల కాదనుకున్నాను. చీము పడుతుందని ఆయన చెప్పాడు కూడా. పడితే పడనీ, నాకు పడదులే అనుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారు."

పక్క మంచం ఆవిడ నిద్రలో దగ్గింది.

"నీకింకోటి చెప్పాలి," అంది టైలరమ్మ. "నీ కోట్లు. ఏడాదికో అరంగుళం వదులు చేస్తూ వచ్చాను. ముందే కుట్టు లోపల గుడ్డ ఎక్కువ మడిచి పెట్టేదాన్ని, నువ్వు చిరుగు కుట్టమని ఇచ్చినప్పుడల్లా నీకు తెలియకుండా విప్పడానికి. పదిహేనేళ్ళలో ఒక్కసారైనా బిగుతైందని వచ్చావా నువ్వు?"

తూకమ్మ తన కోటు వైపు చూసుకుంది. నిజమే, రాలేదు. తన ఒళ్ళు ఉన్నట్టే ఉందని పదిమందితో చెప్పుకుంది కూడా.

"మొహమాటపడతావని చెప్పలేదు. మర్యాదనుకున్నాను. మొన్న నువ్వు మెట్లెక్కి వచ్చినప్పుడు ఆ కమ్మీ చప్పుడు విన్నాను. ఒక్కో మెట్టుకీ ఆగుతున్నావు. పదకొండేళ్ళ కింద నేనూ అలాగే ఎక్కాను." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన కాలికి రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. "అప్పుడే ఎవరైనా గట్టిగా చెప్పుంటే బాగుండేదని పడుకుని అనుకుంటున్నా. నీకు నేను చెప్పలేదు కదా అని కూడా అనుకుంటున్నా."

కాజాలాయన మూడు టీలతో వచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూసి, గ్లాసులు బల్ల మీద పెట్టి చొక్కా అందుకున్నాడు. సూదిలో దారం ఎక్కించబోతే మూడుసార్లు తప్పింది.

*

గురువారం మూడు సీసాలు ఎక్కించి కాలు తెరిచి కడిగారు. శనివారానికి జ్వరం దిగింది. సోమవారానికి కట్టు పొడిగా వచ్చింది. పెద్ద డాక్టరు మాత్రం మాట ఇవ్వలేదు. మూడు నెలలు మందులు మింగాక కానీ కీలు నిలిచిందో లేదో తెలియదన్నాడు. ఇంటికి పంపేముందు మాత్రల మోతాదు రాయడానికి ఇంకోసారి తూచి రమ్మన్నాడు.

తూకమ్మ దుప్పట్ల గదిలో ఉంది. నాలుగు మడతలు, ఆరు మడతలు, అంచుకి అంచు. పైవాళ్ళ ఉత్తరం ఇంకా రాలేదు. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని లేదు. బుధవారం పొద్దున దుప్పట్ల బండి తోసుకుంటూ వరండాలోకి వచ్చేసరికి యంత్రం దగ్గర టైలరమ్మ నిలబడి ఉంది. బెంచీలు నిండి ఉన్నాయి. తూకమ్మ బండి ఆపింది. వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోదామనుకుంది. చక్రం మొరాయించింది.

యంత్రం దగ్గర ఇప్పుడు స్ట్రెచర్లు తోసే ఒకాయన ఉన్నాడు. టైలరమ్మ వాకరు పక్కన పెట్టి, కమ్మీ పట్టుకుని ఎక్కింది. ఈసారి రెండో కాలు మొదటి కాలు వెనకాలే వచ్చింది. ఆయన ముల్లు చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఆగు నాయనా," అంది టైలరమ్మ. "దాని ముఖం ఇటు తిప్పు."

"ఎందుకమ్మా? నేను చెబుతాను కదా."

"నా బరువే కదా, నేను చూసుకోవద్దూ? తిప్పు."

ఆయన గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా భుజాలెగరేశాడు. యంత్రం తల కిర్రుమంటూ తిరిగింది. పంతొమ్మిదేళ్ళలో అది తిరుగుతుందని తూకమ్మకు కూడా తెలియదు. టైలరమ్మ మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు పెట్టుకుని, వంగి, ముల్లు కదలకుండా నిలిచేదాకా చూసింది. కళ్ళద్దాలు తీసేసింది. ఆయన నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది.

"నేనే వెళ్ళి చెప్పొస్తాను."

దిగి వాకరు అందుకుంది. కిటికీ ఇరవై అడుగుల దూరంలో ఉంది. వాకరు ముందుకి, కోసిన కాలు ముందుకి, రెండోది. వాకరు ముందుకి. కాజాలాయన వెనకాలే రెండు చేతులూ చాపి నడుస్తున్నాడు, పడితే తను పట్టుకోగలిగినట్టు. బెంచీల మీది జనం ఒక్కొక్కరే కాళ్ళు లోపలికి ముడుచుకున్నారు. ఎవరూ నవ్వలేదు. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది, మళ్ళీ నడిచింది. కిటికీ దగ్గర వంగి గుమాస్తాకి మాత్రమే వినపడేలా ఏదో చెప్పింది. అతను రాసేదాకా కదల్లేదు. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని కాగితం మీద మూడు అంకెలూ వేలితో తడిమి చూసుకుంది. కొలతల పుస్తకంలో చూసుకున్నట్టే చూసుకుంది.

యంత్రం దగ్గర వంతులో ఉన్న ఒక లావుపాటి పంతులమ్మ, "నేను కూడా అలా చెప్పి రావచ్చా?" అని స్ట్రెచరాయన్ని అడిగింది.

టైలరమ్మ తిరిగి వస్తూ దుప్పట్ల బండి దగ్గర ఆగింది. నుదుటి మీద చెమట, పెదవులు పాలిపోయాయి. అలిసిపోయింది. తూకమ్మ బండి వదిలి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఈ నెలాఖరుకి దుకాణం తెరుస్తా, కాలు ఉంటే," అంది టైలరమ్మ. "నీ కోటు పట్టుకురా. మళ్ళీ కొలత తియ్యాలి. ఈసారి అంకె నీకు చెబుతాను."

తూకమ్మ బెంచీల వైపు చూసింది. ఎవరి మోకాళ్ళు వాళ్ళు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆమె తన ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకుంది, మొదటిసారి పదిమందిలో.

"చెవిలో చెప్పక్కా," అంది.